సముద్రం వైపు తిప్పిన కుర్చీ

"అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది అక్కా. పెద్దవాళ్ళకే కాళ్ళు తడబడతాయి. పాప ఎంతుందని? నేను చూస్తూ ఉండగానే లాక్కుపోతే?"

మంజులతక్క ప్లాస్టిక్ కుర్చీని ఇసుకలో అటూ ఇటూ ఊపి, నాలుగు కాళ్ళూ దిగబడ్డాయని నమ్మకం కుదిరాక కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాక్కుని, పాదాలు ఇసుకలోకి దూర్చింది.

"అల గాడుంది. పిల్ల గీడుంది. నడుమ నువ్వున్నవ్. ఇంకేం గావాలె?" అంది.

నిజమే, నీళ్ళ అంచు మాకు చాలా దూరంలో ఉంది. మా పాప చిన్ని పొడి ఇసుకలో చతికిలబడి, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గరిటెతో గుంట తవ్వుతోంది. సముద్రం పోటు మీద ఎప్పుడుంటుందో, ఎప్పుడు తగ్గుతుందో ముందు రోజే ఫోన్‌లో చూసి పెట్టుకున్నాను. ఆ ఇసుకలో ఏయే సూక్ష్మజీవులు ఉండొచ్చో కూడా నాకు తెలుసు. మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగమే అది. తెలిసిన కొద్దీ భయం తగ్గుతుందని చదువుకునే రోజుల్లో అనుకునేదాన్ని. పిల్ల పుట్టాక ఆ లెక్క తిరగబడింది.

మేమున్నది భీమిలి దారిలో, సముద్రానికి ఆనుకుని ఉన్న చిన్న రిసార్టు. మంజులతక్కది మాత్రం రహమత్ నగర్. మేము ఫిల్మ్ నగర్‌లో అద్దెకుంటున్న ఫ్లాటుకు, తనకు షూటింగ్ లేని రోజుల్లో, చిన్నిని చూసుకోవడానికి వస్తుంది. షూటింగ్ ఉంటే రాదు. ముందే ఫోన్ చేసి, "రేపు నేను పెండ్లికి పోవాలె" అంటుంది. ఇంకోసారి, "రేపు పొద్దంత కోర్టుల ఉంట సుధమ్మా, రాను" అంటుంది. మొదట్లో పాపం ఈమె మీద ఏ కేసు నడుస్తోందోనని నేను, మా ఆయన సుహాస్ చాలా మథనపడ్డాం.

ఆమె జూనియర్ ఆర్టిస్టు. సినిమాలో పెళ్ళి జరుగుతుంటే అక్షింతలు వేసే వాళ్ళలో ఉంటుంది. జడ్జి తీర్పు చదువుతుంటే వెనక బెంచీలో ఉలిక్కిపడే వాళ్ళలో ఉంటుంది. హీరో బస్తీలో కారు దిగితే బిందె పట్టుకుని ఆగి చూసే వాళ్ళలో ఉంటుంది. భర్త పోచయ్య స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగి. ఆయన బతికున్నప్పుడే, కొడుకు శ్రీకృష్ణ బడికి పోయే రోజుల నుంచే, ఆమె ఈ పనిలో ఉంది. ఇప్పుడు ఆ శ్రీకృష్ణ జూబ్లీ హిల్స్‌లో ఒక వ్యాపారి ఇంట్లో డ్రైవరు.

ఆమె ఎక్కువగా చేసింది పాసింగ్. హీరో హీరోయిన్లు రోడ్డు మీద మాట్లాడుకుంటుంటే వాళ్ళ వెనక ఎవరో ఒకరు నడుస్తూ పోవాలి, లేకపోతే అది రోడ్డులా కనిపించదు. అలా నడిచి పోవడమే పాసింగ్. "పాసింగ్!" అని అరుపు వినబడగానే కదలాలి. కెమెరా వైపు చూడకూడదు. ఆగకూడదు, పరుగెత్తకూడదు. మళ్ళీ టేక్ అంటే వెనక్కి వచ్చి మొదట నిలబడ్డ చోటే నిలబడాలి.

"నేను నడిసిన నడకకు కాశి పోయి రావొచ్చు. గానీ ఎప్పుడు జూసినా షురూ జేసిన కాడ్నే ఉన్న" అని నవ్వేది.

ఈ ప్రయాణానికి రావాల్సింది సుహాస్. అతను ఫిల్మ్ నగర్‌లోనే ఒక స్టూడియోలో సౌండ్ మిక్సింగ్ చేస్తాడు. విడుదల దగ్గరపడిన సినిమా ఏదో మీద పడి, చివరి నిమిషంలో సెలవు పోయింది. గది తీసుకున్నాం, రైలు టికెట్లు తీసుకున్నాం. చిన్నిని పెట్టుకుని ఒక్కదాన్నే సముద్రం దగ్గరికి పోవడమనే ఆలోచనకే నాకు చెమటలు పట్టాయి. మంజులతక్కను రమ్మని అడిగాను.

ఆమె మా వంటింటి గడపలో నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, నన్ను నిలదీసినట్టే అడిగింది.

"సెలవుకు పిలుస్తున్నవా, పనికి పిలుస్తున్నవా? గది సాఫ్ చెప్పు."

"సెలవుకే అక్కా."

"సెలవుకైతే వస్త. మల్ల గాడికి పోయినంక, బువ్వ దినిపియ్యి, ముక్కు తుడువు అనొద్దు. పొద్దుగాల లేపొద్దు. నాకు బుద్ధయితే ఎత్తుకుంట, లేకుంటే లేదు."

ఒప్పుకున్నాను. తన టికెట్టు ఎంతయిందో అడిగి మరీ ఆ డబ్బు ఇచ్చేసింది.

స్టేషన్లో దింపడానికి శ్రీకృష్ణ వచ్చాడు. బ్యాగు పైకి అందిస్తూ తల్లిని ఆటపట్టించాడు.

"సముద్రం కొత్తనా అమ్మా నీకు? ఎన్నిసార్లు పోలే! వైజాగ్ అంటివి, గోవా అంటివి, గా కేరళ అంటివి."

"పోయిన. చూడలే."

"గదేంది? ఒడ్డుకే గద నిలబెట్టిండ్రు."

"నిలబెట్టిండ్రు. మొఖం కెమెరా దిక్కు, వీపు సముద్రం దిక్కు. సప్పుడు ఇన్న, గంతే. జర మర్లి చూస్తే కట్ అని తిడుతుండ్రి." కిటికీ పక్క సీట్లో సర్దుకుని కూర్చుంటూ అంది. "గీసారి దాని దిక్కు మొఖం పెట్టి కూసుంట. ఒక్క పొద్దు. ఎవ్వలు లే అన్నా లేవ."

"నిన్ను లే అనేటోళ్ళు ఎవరుంటరమ్మా ఆడ?" అని నవ్వాడు శ్రీకృష్ణ.

మేము రిసార్టు చేరేసరికి చీకటి పడింది. మరునాడు సాయంత్రమే మళ్ళీ రైలు. కాబట్టి ఆమె అడిగిన ఆ ఒక్క పొద్దు ఇదే. ఇది పోతే ఇంకోటి లేదు.

అందుకే ఆమెను లేపలేదు. తనే లేచింది, తీరిగ్గా. స్నానం చేసి, నీలం పూల వాయిల్ చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని, వరండాలోని కుర్చీ చంకన పెట్టుకుని బయల్దేరింది. నేను చిన్నిని, నీళ్ళ సీసాను, టోపీని, తువ్వాలును, చేతులు తుడిచే ద్రావణాన్ని, అదనపు గౌనును, బిస్కెట్లను పట్టుకుని వెనకాల నడిచాను. ఆమె చేతిలో కుర్చీ తప్ప ఏమీ లేదు.

ఎండ ఇంకా మెత్తగానే ఉంది. గాలికి సరుగుడు చెట్లు సన్నగా మోగుతున్నాయి. దూరంగా రెండు పడవలు ఒడ్డుకు లాగి బోర్లించి ఉన్నాయి. మంజులతక్క కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సముద్రాన్ని చూస్తూ ఉండిపోయింది. నేను లోపలికి వెళ్ళి ఆమెకు గాజు గ్లాసులో టీ తెచ్చాను. మా ఇంట్లో రోజూ నాకు టీ ఇచ్చేది ఆమె. ఆ గ్లాసు అందుకునేటప్పుడు కొంచెం కూడా మొహమాటపడలేదు. అది నాకు నచ్చింది.

"ఏం చూస్తున్నావక్కా అంత సేపు?"

"ఏం లే. అదే వస్తుంది, అదే పోతుంది." టీ ఒక గుక్క తాగింది. "గన్నిసార్లు వచ్చినా ఎవ్వలు కట్ అంటలేరు. వన్ మోర్ అంటలేరు. మంచిగుంది."

ఒక పీత బొరియలోంచి బయటికొచ్చి, ఆమె పాదాన్ని చూసి ఆలోచించి, మళ్ళీ లోపలికి పోయింది. ఆమె కాలు కదపలేదు. టీ గుక్కకూ గుక్కకూ మధ్య కళ్ళు మూసుకుంటోంది. తెరిచినప్పుడు సముద్రం అక్కడే ఉందా అని చూసుకుంటోంది.

నేను మాత్రం కూర్చోలేకపోయాను. చిన్ని గరిటె నోటి దగ్గరికి తీసుకెళ్తే లేచాను. గవ్వ పట్టుకుంటే లేచాను. దగ్గితే లేచాను. కుక్క ఒకటి అల్లంత దూరంలో పోతుంటే, లేచి పాపకూ కుక్కకూ మధ్య నిలబడ్డాను. కుక్క నన్ను పట్టించుకోకుండా పోయింది.

అప్పుడే సరుగుడు చెట్ల వెనక వ్యాన్లు ఆగిన చప్పుడయింది. తలుపులు దడదడ కొట్టుకున్నాయి. జనరేటర్ మొదలైంది. ఆ మోత వినగానే మంజులతక్క వెనక్కి తిరక్కుండానే, "అయ్యో, మావోళ్ళే" అంది.

కాసేపట్లో ఒడ్డంతా మనుషులు. రంగురంగుల గొడుగులు పాతారు. వాలుకుర్చీలు వేశారు. విశాఖ నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పూల చొక్కాలేసుకుని, ఎర్రటి రంగునీళ్ళున్న గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎవరో వాళ్ళ ముందు అటూ ఇటూ తిరుగుతూ అరుస్తున్నాడు: "హాలిడేకి వచ్చారు మీరంతా! రిలాక్స్‌గా ఉండాలి! ఎవరూ జ్యూస్ తాగొద్దు, గ్లాసులో లెవెల్ మారితే కంటిన్యూటీ పోతుంది!"

"తాగొద్దనే పట్టుకునుడు" అంది మంజులతక్క నాతో. "మా నోళ్ళు ఎండుతుంటయ్, చేతుల గ్లాసు నిండుగుంటది."

టోపీ పెట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో వాకీటాకీతో ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. అసిస్టెంట్ డైరెక్టరు. కార్డు మీద క్రాంతికుమార్ అని ఉంది. ఎండకు మొహం అప్పటికే కమిలిపోయింది, నిద్ర ఉన్నట్టు లేదు.

"సారీ మేడమ్, కొంచెం సేపు. రిసార్టు వాళ్ళతో మాట్లాడాం. మీరు ఆ చెట్ల వెనక్కి వెళ్తే మాకు ఫ్రేమ్ క్లియర్ అవుతుంది."

నేను అప్పటికే తువ్వాలు మడుస్తున్నాను. ఎవరైనా గట్టిగా ఏదైనా అడిగితే నా చేతులు వాటంతట అవే సర్దడం మొదలుపెడతాయి. మంజులతక్క కదలలేదు.

"అమ్మా, మీరు కూడా."

"రిసార్టోళ్ళు మీతోని మాట్లాడిండ్రా?"

"మాట్లాడారమ్మా."

"నాతోని మాట్లాడలే."

క్రాంతికుమార్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక నా వైపు చూశాడు. "ప్లీజ్ అమ్మా. చిన్న షాట్. హీరోయిన్ గారు హాలిడేలో హాయిగా సముద్రం చూస్తుంటారు. మీరు కొంచెం సహకరించాలి."

"నేను గుడ గదే జేస్తున్న" అంది మంజులతక్క.

ఆ మాటకు అతను నోరు తెరిచేలోగా, వెనక గొడుగుల దగ్గర ఎవరో మైకులో రిహార్సల్ మొదలుపెట్టారు. "రెడీ... యాక్షన్! పాసింగ్!"

మంజులతక్క లేచింది.

నిజంగా లేచింది. టీ గ్లాసు చేతిలోనే ఉంది, తల కొంచెం వంచి, ఎవరి వైపూ చూడకుండా, బజారుకు పోతున్నట్టు నడక మొదలుపెట్టింది. కాస్త దూరం వెళ్ళాక ఆగిపోయింది. అక్కడే నిలబడి తన కాళ్ళను చూసుకుంది. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

క్రాంతికుమార్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"అరె! నువ్వు ఓంప్రకాష్ అన్న మనిషివి కదా! మొన్న జూబ్లీ హిల్స్ బంగళా షెడ్యూల్లో, శవం పక్కన కూర్చున్నది నువ్వే కదా! ముందే చెప్పొచ్చుగా ఆంటీ, ఇందాకట్నించి అమ్మా, అమ్మా అని బతిమాలుతున్నా!"

ఓంప్రకాష్ అంటే ఏజెంటు. ఏ షూటింగుకు ఎవరిని పంపాలో పేర్లు చెప్పేది అతనే. రహమత్ నగర్‌లో, కృష్ణానగర్‌లో చాలామంది పొయ్యి వెలగాలంటే అతని ఫోను రావాలి.

మంజులతక్క వెనక్కి నడిచి వచ్చి, మళ్ళీ అదే కుర్చీలో, అలాగే కూర్చుంది.

"కాళ్ళకు తెల్వదు తమ్మీ" అంది. "సెలవని వాటికి ఎవ్వలు చెప్పలే. గందుకే లేచినయ్. నాకు తెలుసు, గందుకే కూసున్న." అప్పుడు తల ఎత్తి అతని మొహంలోకి చూసింది. "గింతసేపు ‘మీరు’ అంటివి. పాసింగ్‌కు లేవంగనే ‘నువ్వు’ అయిపోయిన్నా?"

అతను ఇబ్బందిగా టోపీ సర్దుకున్నాడు. ఇంతలో వాకీటాకీ గరగరలాడింది. మానిటర్ ముందు కూర్చున్న డైరెక్టరు గొంతు అందరికీ వినబడింది. "క్రాంతీ, ఆ బ్లూ శారీ ఆవిడ బాగుంది. తీసేయకు, ఉంచు. కానీ ఫేస్ కావాలి. కుర్చీ ఇటు తిప్పించు."

"విన్నారా? లక్కీ ఆంటీ మీరు!" అన్నాడు క్రాంతికుమార్. ‘మీరు’ అన్న పిలుపు తిరిగొచ్చింది. "కుర్చీ కొంచెం కెమెరా వైపు తిప్పుకోండి, చాలు. లేవక్కర్లేదు."

"సముద్రం అటుంది."

"తెలుసండీ, బ్యాక్‌గ్రౌండ్‌లో వస్తుంది సముద్రం."

"నీకు వస్తది. నాకు రాదు."

అతను వాదన మానేసి ఫోను తీశాడు. అవతల ఎత్తగానే రెండు ముక్కల్లో సంగతి చెప్పి, స్పీకర్ పెట్టి, ఆమె ముందుకు చాపాడు. ఓంప్రకాష్ గొంతు తీపిగానే మొదలైంది.

"ఏంది మంజులతక్కా, భీమిలి దాంక పోయినవంట, చెప్పనే చెప్పలే! జర కుర్చీ తిప్పు అక్కా. పిల్లగాడు పరేషాన్ అయితుండు."

"సెలవుల ఉన్నన్నా."

"నీకు సెలవేందక్కా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పని లేని దినం సెలవే గదా మీకు!"

"గది పని లేకుండుడు. గిది సెలవు. రెండు ఒక్కటి కావన్నా."

ఈసారి ఫోనులో వినబడిన గొంతులో తీపి లేదు.

"చూడక్కా. వచ్చే నెల పెద్ద షెడ్యూల్ ఉంది, పెద్దింటి పెండ్లి. నెలంత పని. నీ పేరు పెట్టిన. గిప్పుడు డైరెక్టర్ కాడ నా మాట పోగొడితివనుకో, ఆ పేరు తీసేస్త. గా పెండ్లే గాదు, మల్ల నా ఫోనే రాదు నీకు. తర్వాత నన్ను అనొద్దు."

ఆ పెళ్ళి గురించి ఆమె ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది. దాని కోసమే జరీ చీర ఒకటి ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. ఇలాంటి పెద్ద షెడ్యూల్ దొరకడం ఇప్పుడు కష్టమని, కొత్త మొహాలు అడుగుతున్నారని కూడా నాకు తెలుసు. నేను వంగి ఆమె చెవిలో అన్నాను: "అక్కా, తిప్పేద్దాం. ఎంతసేపని? వాళ్ళు పోయాక మళ్ళీ ఇటు తిప్పుకుందువు."

ఆమె నన్ను చూడలేదు. ఒక అల లేచి, వంగి, విరిగి, పాలనురుగులా ఒడ్డు మీద పరుచుకుని, వెనక్కి పోయేదాకా చూసింది.

"తీసెయ్ అన్నా."

"ఏందీ?"

"నా పేరు తీసెయ్. పెండ్లికి ఎవలన్న పోతరు. గీ పొద్దుకు మాత్రం నేనే పోవాలె."

ఓంప్రకాష్ ఫోను పెట్టేశాడు. క్రాంతికుమార్ ఆ ఫోను వైపు, ఆమె వైపు చూశాడు. ఇంత దూరం వెళ్తుందని అతనూ అనుకున్నట్టు లేదు. నెమ్మదిగా వాకీటాకీలో ఏదో చెప్పాడు. జవాబు విసుగ్గా వచ్చింది. "సరేలే, వీపే ఉంచేయ్, నేచురల్‌గానే ఉంది. కదలొద్దను. ఆ టీ గ్లాసు అలాగే పట్టుకోమను. తాగొద్దను, కంటిన్యూటీ."

అది వినగానే మంజులతక్క గ్లాసు ఎత్తింది. సగానికి పైగా ఉన్న టీ, ఎప్పుడో చల్లారిపోయింది. తల వెనక్కి వంచి, గుటగుటా చివరి చుక్క దాకా తాగింది. మూతి కొంగుతో తుడుచుకుంది. గ్లాసును ఇసుకలో బోర్లించింది.

"అయిపాయె" అంది.

రంగునీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ వరసలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. పూల చొక్కా వేసుకున్న ముసలాయన ఒకరు, అందరూ చూస్తుండగానే, చేతిలోని ఎర్రటి నీళ్ళు ఒక గుక్క తాగి, ఉమ్మేశాడు. "ఛీ, ఇదేంట్రా ఇలా ఉంది!" అన్నాడు. ఇక నవ్వు ఆగలేదు. లైట్లు మోస్తున్న వాళ్ళు కూడా నవ్వారు. క్రాంతికుమార్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. కానీ అతని మూతి చివర కూడా కాస్త సాగింది, నేను చూశాను.

చివరికి కెమెరాయే జరిగింది. గొడుగులు పీకారు, కెమెరా పట్టాలు ఎత్తారు, పడవల వైపు వెళ్ళి అక్కడ మళ్ళీ పాతారు. వెళ్ళేముందు క్రాంతికుమార్ ఒక్క క్షణం ఆగాడు.

"వస్తానమ్మా" అన్నాడు.

"పో బిడ్డా. నువ్వు గుడ ఎప్పుడన్న జర కూసో" అంది ఆమె.

ఆ తర్వాతే అసలు పొద్దు మొదలైనట్టు అనిపించింది. జనరేటర్ మోత గాలిలో పలచబడింది. ఆమె కుర్చీలో ఇంకొంచెం జారి కూర్చుంది. నేను పక్కనే ఇసుకలో కూలబడి, వచ్చే నెల గురించి, ఆమె చేయాల్సిన ఫోన్ల గురించి, ఓంప్రకాష్‌ను ఎలా మెత్తబరచాలో మాట్లాడుతూనే ఉన్నాను. ఆమె వింటోందో లేదో తెలియదు.

చిన్ని గుంట తవ్వడం విసుగొచ్చి, గరిటె పట్టుకుని తడి ఇసుక వైపు నడిచింది. నేను చటుక్కున లేవబోయాను. మంజులతక్క చేయి చాచి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"పిలిచిందా?"

"లేదు, కానీ అక్కా..."

"నేనన్న ఎవలన్న అరిస్తే లేస్తుంటి. నువ్వు ఎవ్వలు అరవకముందే లేస్తవ్."

దూరం నుంచి వచ్చిన అల ఒకటి, శక్తంతా అయిపోయి, చిన్ని పాదాల మీద చిటికెడు నురుగు వదిలి వెనక్కి పోయింది. చిన్ని దబ్బున కూర్చుండిపోయింది. గౌను తడిసింది. మొహంలో ఏడుపు వచ్చేలా ఉంది. నా చేయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చిన్ని నీళ్ళను చూసింది. గరిటెను చూసింది. గరిటె ఎత్తి, మళ్ళీ వస్తున్న ఇంకో పల్చటి నురుగును టపీమని కొట్టింది. నన్ను పిలవలేదు. నా వైపు చూడను కూడా లేదు.

మేము చాలాసేపు అలా కూర్చున్నాం. ఎండ ముదిరి ఇసుక కాలడం మొదలయ్యాక, మంజులతక్క తనే లేచింది. "ఆకలైతుంది. ఇడ్లీలు ఉన్నయో అయిపోయినయో" అంది. కుర్చీ చంకన పెట్టుకుంది. ఆమెను ఎవరూ లేపలేదు.

ఓంప్రకాష్ అన్నంత పనీ చేశాడు. పెద్దింటి పెళ్ళి ఆమె లేకుండానే జరిగిపోయింది. తెల్లవారకముందే కృష్ణానగర్‌లో బయల్దేరే వ్యాన్లలో ఆమెకు సీటు లేదు. శ్రీకృష్ణ మా ఇంటికి వచ్చి మరీ కోప్పడ్డాడు.

"కుర్చీ తిప్పితే ఏం పోతుండె అమ్మా? గంత జిద్దు ఎందుకు నీకు?"

ఆమె మెంతికూర ఆకులు తుంచుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "నేనెవలో తెల్వకముందు అడిగిండు. గట్లనే అడిగితే తిప్పుదునో ఏమో. గుర్తువట్టినంక తిప్పుమన్నడు. గట్ల నేను తిప్ప."

శ్రీకృష్ణ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఇంకో చిన్న ఏజెంటు ద్వారా అప్పుడప్పుడు పనికి పోతోంది. మునుపటి కంటే బాగా తక్కువ. ఆ మాట ఎత్తితే, "తక్కువే" అంటుంది. అంతకు మించి ఒక్క మాట కలపదు, ఓంప్రకాష్‌కు ఫోనూ చేయదు.

నేను ఒకసారి అడిగాను, పిల్ల పిలిచేదాకా ఆగితే ఆలస్యమైపోదా అని. అడిగినప్పుడు చిన్ని మా సోఫా చేతి మీదికి ఎక్కుతోంది. మంజులతక్క దాన్ని చూస్తూనే, ఒక్కో మాటా నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"కండ్లు పిల్ల మీదనే ఉంచు. ఒక్క ఘడియ తియ్యకు. కాళ్ళను మాత్రం ఆపు. పిలిస్తే మొదటి పిలుపుకే ఉరుకు, రెండోసారి పిలవనియ్యకు. పిలవకుంటే కూసో."

సాయంత్రాలు చిన్నిని తీసుకుని మా కాలనీ పార్కుకు వెళ్తున్నాను. అది జారుడుబల్ల నిచ్చెన ఎక్కుతుంది, సగంలో ఆగుతుంది, కిందికి చూస్తుంది. పక్కన నిలబడ్డ తల్లులు, తండ్రులు చేతులు చాపి నిచ్చెన చుట్టూ కాపలా కాస్తుంటారు. నేను బెంచీ మీద కూర్చుంటాను. మోకాళ్ళు లేవడానికి సిద్ధమవుతాయి. కళ్ళు తీయకుండా, చెవులు రిక్కించి, కూర్చునే ఉంటాను.